తల లేని ఫ్లెమింగో నేర్పిన పాఠం

విహారయాత్ర ఫొటోలు మీ పోర్ట్‌ఫోలియోలో నిలబడాలంటే..

2024 జూన్‌లో ఓ ఫొటో పోటీ ఫలితం పెద్ద చర్చే రేపింది. ‘1839 అవార్డ్స్’ పోటీలో ఏఐ చిత్రాల విభాగానికి ఒక ఫ్లెమింగో బొమ్మ వచ్చింది. పక్షికి తల లేదు. గులాబీ రంగు బంతికి రెండు కాళ్లు తగిలించినట్టుంది. న్యాయనిర్ణేతలు మూడో స్థానం ఇచ్చారు, జనం ఓట్లలోనూ అదే గెలిచింది. ఆ తర్వాత మైల్స్ ఆస్ట్రే అనే ఫొటోగ్రాఫర్ అసలు విషయం బయటపెట్టారు. అది ఏఐ గీసింది కాదు, అరూబా దీవిలో తాను కెమెరాతో తీసిన నిజమైన ఫొటో! పక్షి తల వంచి పొట్ట గోక్కుంటున్న క్షణం అది. నిర్వాహకులు ఆ ఎంట్రీని రద్దు చేశారు.

అంతకు ఏడాది ముందు, 2023లో దీనికి సరిగ్గా రివర్స్‌లో జరిగింది. సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల్లో ఒక విభాగంలో గెలిచిన బోరిస్ ఎల్డాగ్సెన్, తన చిత్రం ఏఐతో చేసిందని చెప్పి బహుమతి వద్దన్నారు. అంటే ఏది నిజమో, ఏది యంత్రం చేసిందో న్యాయనిర్ణేతలు కూడా తేల్చలేని రోజులివి.

ఇందులో మనకేం పని అంటారా? పని ఉంది. సెమిస్టర్ సెలవుల్లో అరకు, హంపి, గోవా వెళ్తాం. వందల ఫొటోలతో తిరిగొస్తాం. సూర్యాస్తమయం, చేతులు చాచిన ఫ్రెండ్, మబ్బుల్లో కొండ.. అన్నీ అందరి దగ్గరా ఉన్నవే. ఇలాంటివి ఏఐ క్షణాల్లో చేసి ఇస్తుంది. రేపు కంటెంట్, డిజిటల్ మార్కెటింగ్, టూరిజం, జర్నలిజం ఉద్యోగానికి వెళ్లి ‘ఇవి నా పని’ అని చూపిస్తే అవతలివాళ్లు ఆశ్చర్యపోరు. ‘అందంగా ఉంది’ అన్న మాటకు విలువ తగ్గింది. ‘అక్కడ ఉండి, గమనించి తీశారు’ అన్నదానికే విలువ పెరిగింది.

రామప్పలో ఏం తీస్తారు?

ఉదాహరణకు ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడినే తీసుకుందాం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక సందర్శకుల ఫోన్లలో గుడి ఎదుటి ఫొటో మామూలైపోయింది. కాస్త ఆగి పైకి చూడండి. చూరు కింద నల్లరాతి మదనికలు, వెనక ఎర్రటి ఇసుకరాయి. మిట్టమధ్యాహ్నం ఎండ నెత్తిమీద ఉంటే చూరు నీడలో ఆ శిల్పాలు నల్లగా కలిసిపోతాయి. పొద్దున లేదా సాయంత్రం వెలుగు ఏటవాలుగా పడుతుంది, చెక్కుడు పని తేటగా కనిపిస్తుంది. స్క్రీన్‌పై శిల్పం మీద నొక్కి, వెలుతురు కాస్త పెంచండి. జూమ్ చేయకుండా వీలైనంత దగ్గరికి నడవండి. అన్నిటికన్నా ముందు లెన్స్ తుడవండి! జేబులో తిరిగిన ఫోన్‌కు వేలిముద్రలే పెద్ద శత్రువు.

ఒకే చోట మూడు రకాలుగా తీయండి. దూరం నుంచి మొత్తం గుడి, మధ్యస్థంగా మనుషులతో కలిపి, దగ్గరగా ఒక్క వివరం. ఈ మూడూ కలిస్తేనే కథ అవుతుంది.

రుజువు దాచుకోండి

ఫొటో తీసిన తేదీ, సమయం, ఫోన్ మోడల్ అసలు ఫైల్లోనే నమోదవుతాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఈ వివరాలూ పోతాయి. అందుకే ఒరిజినల్స్‌ను వేరే ఫోల్డర్‌లో దాచండి. పంపాల్సొస్తే డాక్యుమెంట్ రూపంలో పంపండి. ఈ వివరాలను మార్చడం అసాధ్యమేమీ కాదు. కాబట్టి మంచి ఫొటోకు ముందూ వెనకా తీసిన నాలుగైదు ఫ్రేములు కూడా డిలీట్ చేయకండి. ‘ఇది మీరే తీశారా?’ అని అడిగితే అంతకు మించిన జవాబు లేదు. కెమెరా కంపెనీలూ ఇదే దారిలో ఉన్నాయి. తీసిన క్షణంలోనే ఫొటోకు డిజిటల్ ధ్రువీకరణ జోడించే కెమెరాను లైకా 2023లోనే తెచ్చింది.

హక్కు ఎవరిది?

1957 కాపీరైట్ చట్టం ప్రకారం మామూలుగా ఫొటో తీసినవారే దాని హక్కుదారు. అయితే ఎవరైనా డబ్బిచ్చి తీయిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు వాళ్లకే వెళ్తుంది. హోటల్‌కో రిసార్ట్‌కో ఫ్రీలాన్స్‌గా తీసేటప్పుడు ‘నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకుంటాను’ అని ముందే రాతపూర్వకంగా అడగండి. ఎక్కడ తీయొచ్చో కూడా చూసుకోండి. 2018లో పురావస్తు శాఖ తన పరిధిలోని కట్టడాల్లో ఫొటోలకు అనుమతిచ్చినా, అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్‌మహల్ సమాధి మందిరాన్ని మినహాయించింది. మనుషుల్ని తీసేటప్పుడు ఒక్క మాట అడగడం మర్యాద. అడిగితే చాలామంది నవ్వుతారు, ఆ నవ్వే మంచి ఫొటో.

ఈసారి ట్రిప్ నుంచి రాగానే ఒక పని చేయండి. వందల్లోంచి పదే పది ఫొటోలు ఎంచుకోండి. ఒక్కోదాని కింద ఎక్కడ, ఎప్పుడు, అక్కడేం జరుగుతోంది అని రెండు లైన్లు తెలుగులో, రెండు లైన్లు ఇంగ్లిష్‌లో రాయండి. రాయడానికి ఏమీ తోచని ఫొటో ఉంటే తీసేయండి. మిగిలినవి ఆరే కావచ్చు. ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడటానికి ఆ ఆరు చాలు.