హాలీ నోటును చదవాలి

‘786 నంబరు నోటు ఉందా? లక్షాధికారి అయిపోండి’ అంటూ ఫోన్లకు వచ్చే ప్రకటనలకు అంతు లేదు. పాత నోట్లు కొంటామని, అమ్మిపెడతామని తన పేరు చెప్పి కమిషన్లు గుంజుతున్న ముఠాల గురించి రిజర్వు బ్యాంకే 2021లో జనాన్ని హెచ్చరించాల్సి వచ్చింది. నోట్ల సేకరణ మీద నిజమైన మోజున్నవాళ్ల దారి వేరు. ధర సంగతి తర్వాత, ముందు వాళ్లు నోటును చదువుతారు.

నైజాం కాలంలో హైదరాబాద్ సంస్థానానికి సొంత రూపాయి ఉండేది, పేరు హాలీ. ఆ హాలీ నోటునే చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంతో వెండికి కటకట వచ్చింది. దాంతో సంస్థానం 1918లో కాగితపు కరెన్సీ చట్టం తెచ్చింది. తొలి నోట్లను లండన్‌లో వాటర్లో కంపెనీ అచ్చేసింది. నోటు మీద పెత్తనమంతా ఉర్దూదే. విలువ మాత్రం తెలుగు, మరాఠీ, కన్నడాల్లోనూ కనిపిస్తుంది. సంవత్సరం నైజాం లెక్కల్లో వాడిన ఫసలీ శకంలో ఉంటుంది. 1331 అని ఉంటే 590 కలుపుకోవాలి, అంటే 1921-22 నాటిదన్నమాట. ఇక సంతకం. గులాం మహమ్మద్ సంతకముంటే అది 1940ల నోటు. ఇక్కడ ఆర్థిక శాఖ చూసిన ఆ పెద్దమనిషే తర్వాత పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యాడు! ఇన్ని సంగతులున్న కాగితంలో 786 కోసం వెతకడమేమిటో.

ఈ నోట్లలో కొన్ని సముద్రాన్నీ చూసి వచ్చాయి. లండన్ నుంచి బొంబాయికి బయల్దేరిన ‘ఈజిప్ట్’ ఓడను 1922 మే 20న ఫ్రాన్సు తీరం దగ్గర, పొగమంచులో మరో ఓడ ఢీకొట్టింది. బంగారం, వెండితోపాటు ఇంకా చలామణిలోకి రాని హైదరాబాద్ నోట్లూ మునిగిపోయాయి. దాదాపు పదేళ్ల తర్వాత బంగారం కోసం దిగిన ఇటలీ గజ ఈతగాళ్ల బృందం చేతికి ఆ నోట్లు కూడా దొరికాయి. నేడవి సేకరణకర్తలకు అపురూపం.

ఉప్పునీటిలో నానిన కాగితం అలా బతికి బయటపడితే, మన ఇళ్లలో భద్రంగా ఉన్న నోట్లను మనమే పాడుచేసుకుంటున్నాం. చిరుగుకు సెలోటేపు అంటిస్తాం. దాని జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పసుపుపచ్చగా కాగితంలోకి దిగిపోతుంది. మురికి పోవాలని కడుగుతాం, మడత పోవాలని ఇస్త్రీ చేస్తాం. అన్నింటికన్నా ఘోరం లామినేషన్, ఇక ఆ నోటును వెనక్కి తెచ్చుకోలేం. మడత నోటు వయసుకు సాక్ష్యం, దాన్ని చెరిపేస్తే సేకరణకర్త దృష్టిలో విలువ తగ్గుతుందే తప్ప పెరగదు.

ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయలుగా మారకం జరిగిన రోజులు గుర్తున్న పెద్దలు తెలంగాణలో ఇంకా ఉన్నారు. మీ పెట్టెలో అలాంటి నోటు ఉంటే అంగడికి తీసుకెళ్లే ముందు వాళ్లకు చూపించండి, వాళ్లు చెప్పింది రాసిపెట్టుకోండి.