మీటరు తిరిగిన చుట్లు

నీళ్ల మీటరు, కరెంటు మీటరు మనకు కొత్త కాదు. ఇంటర్నెట్టు లైనుకూ మీటరు ఉంటుందని, అదీ అప్పుడప్పుడు బొంకుతుందని ఈ మధ్య మా మేనల్లుడి పుణ్యమా అని ఇంటిల్లిపాదికీ తెలిసింది.

వాడు ఒక కాలేజీ హాస్టలులో నెట్‌వర్కు పని చూస్తాడు. సెకనుకు ఒక గిగాబిట్, అంటే 1000 మెగాబిట్ల లైను. పగలంతా నెట్టు నత్తనడక అని పిల్లల గోల. గ్రాఫు గీసే సాఫ్టువేరేమో మధ్యాహ్నం 34 మెగాబిట్లనీ, అర్ధరాత్రి దాటాక 100 అనీ చూపిస్తుంది. యాజమాన్యంవారు అది చూసి, “లైను ఖాళీగానే ఏడ్చింది. పిల్లలవి అబద్ధాలు, నీది చేతకానితనం. రెండో లైను లేదు, ఏమీ లేదు” అన్నారట. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని వాడి బెంగ.

నేనూ ఇదే వృత్తిలో జుట్టు నెరిసినవాణ్ణి. “ఒరే, ఆ గ్రాఫు ఎన్నడైనా 114 దాటిందా?” అని అడిగాను.

“లేదు మావయ్యా! నీకెలా తెలుసు?”

జ్యోతిషం కాదండీ, కూడికలూ తీసివేతలే. స్కూటరు మీటరు 99999 తరువాత మళ్లీ సున్నాకు వస్తుంది కదా? నెట్‌వర్కు పెట్టెలో బైట్లు లెక్కించే పాత మీటరు 32 బిట్లది. 429 కోట్ల 49 లక్షల చిల్లర దాకా లెక్కపెట్టి సున్నాకు వస్తుంది. గిగాబిట్ లైను నిండుగా పారితే ఆ చుట్టు 34 సెకన్లలో పూర్తి. సాఫ్టువేరు వచ్చి మీటరు చూసేది అయిదు నిమిషాలకు ఒకసారి! ఈలోగా ఎనిమిది చుట్లు తిరిగినా దానికేం తెలుసు? పాత అంకెకన్నా కొత్త అంకె తక్కువగా ఉంటే ఒక్క చుట్టు కలుపుకుంటుంది, అంతే. అందుకే అది ఎంత గింజుకున్నా 114.5 మెగాబిట్లు దాటి చూపలేదు. పగలు నిజంగా 950 పారితే 34 అంటుంది. రాత్రి పారే 100 మాత్రం చుట్టు పూర్తికాదు గనుక సరిగ్గానే చెబుతుంది.

అయిదు నిమిషాల లెక్క పెట్టినవారిని తప్పుపట్టలేం. ఇంగ్లండులోని లెస్టర్‌లో, డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ టోబియాస్ ఓటికర్ ఎమ్.ఆర్.టి.జి. అనే గ్రాఫుల సాఫ్టువేరు రాసి 1995లో లోకానికి ఇచ్చాడు. అక్కడి లైను 64 కిలోబిట్లది. దానిమీద ఈ మీటరు ఒక చుట్టు తిరగాలంటే ఆరు రోజులు పడుతుంది.

మందు కూడా పాతదే. 64 బిట్ల మీటరు ఉన్న పెట్టె అయితే దాన్నే చదవమనాలి. గిగాబిట్ లైనుమీద అది నిండడానికి నాలుగువేల అయిదు వందల ఏళ్లకు పైనే కావాలి. అయితే సాఫ్టువేరు, పెట్టె మాట్లాడుకునే ఎస్.ఎన్.ఎమ్.పి. భాష మొదటి రకానికి ఆ పెద్ద అంకె నోరు తిరగదు. రెండో రకానికి, అంటే 2సి కి, మార్చాలి. మావాడి జబ్బు అక్కడే ఉంది. పెట్టె మరీ పాతదయితే, కనీసం అర నిమిషానికోసారి చదివించుకోవాలి. (తేడా కచ్చితంగా ఎనిమిది రెట్లుంటే మాత్రం అది వేరే తెగులు: ఎవరో బిట్లనూ బైట్లనూ కలగలిపారన్నమాట.)

మార్చిన మర్నాడు మధ్యాహ్నం గ్రాఫు 950 దగ్గర గోడలా నిలబడింది. వాడు దాన్ని అచ్చు తీసి యాజమాన్యంవారి ముందు పెట్టాడు. రెండో లైను సంగతి వచ్చే సమావేశంలో చూస్తామన్నారట. పిల్లలను అబద్ధాలకోరులన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదట.