నీరు మార్చేది తేదీ చూసి కాదు

సంపాదకులకు,

చేపల చెరువులో వారం వారం నీరు మార్చాలన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. క్యాలెండర్ కాదు, చెరువు చెప్పాలి. తెల్లవారుజామున కట్లలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆక్సిజన్ తగ్గినట్టే. ముందు ఏరియేటర్లు తిప్పాలి, మేత ఆపాలి. అమ్మోనియా పెరిగితే నీరు మార్చాల్సిందే, కానీ కొద్దికొద్దిగా. ఒక్కసారిగా మారిస్తే పీహెచ్ తారుమారై చేప మేత ముట్టదు.

పైగా కాలువలో మనం తోడుకునేది చాలాసార్లు పక్క చెరువు వదిలిన నీరే. రోగమూ దాంతోపాటే వస్తుంది. మనం వదిలేది కొల్లేరు చేరుతుంది. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ గుర్తింపు పొందిన ఆ సరస్సు నుంచి నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు అనే ఏరే. అందుకే రైతు సోదరులారా, చెరువు నీటిని గుంటలో తేర్చాకే వదలండి.

— ఒక చేపల రైతు, కైకలూరు