ముందు ఆ తుమ్మెదను తరిమేయండి!

హెడ్‌ఫోన్ పెట్టుకోగానే నాన్న మొహం చిట్లించారు. ‘‘ఫిడేలు బాగానే ఉంది గానీ, వెనకాల ఆ తుమ్మెద ఏంట్రా?’’ అన్నారు.

ఫిడేలు ద్వారం వెంకటస్వామినాయుడుగారిది. 1936లో మా విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్ అయిన మహానుభావుడు. తుమ్మెద మాత్రం నాది! నెల్లాళ్లపాటు ఆదివారాలన్నీ పెట్టి నేను తయారుచేసిన వాల్వు యాంప్లిఫయర్‌ది. ముందు 12ఏయూ7 అనే చిన్న వాల్వు, దాని వెనక ట్రాన్సిస్టర్లు, 24 వోల్టుల సరఫరా... అంతే.

పేరున్న కంపెనీ వాల్వు పెడితే సరిపోతుందనుకున్నా. దాని ధర యాంప్లిఫయర్ ఖర్చంత! కొనేముందు, ఒకప్పుడు గంటస్తంభం దగ్గర రేడియోలు బాగుచేసిన పెద్దాయనకి చూపించా. మూత తీసి నవ్వారాయన. ‘‘వాల్వు మీద పడతావేటి బాబూ! ముందు వాల్యూం సున్నాకి తిప్పు. మోత ఆగిపోతే తప్పు పాట వచ్చే తీగలో ఉన్నట్టు. ఆగకపోతే కరెంటు సరఫరాలోనో, గ్రౌండులోనో ఉన్నట్టు.’’

తిప్పా. తగ్గింది, పోలేదు. అంటే రెండుచోట్లా తప్పే!

పాట వచ్చే మామూలు తీగ తీసేసి షీల్డు తీగ వేశాం. దాన్ని ఆనుకునే ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌ని పెట్టె రెండో చివరికి జరిపాం. ఎక్కడికక్కడ అతికించిన గ్రౌండు తీగలన్నీ ఒకేచోట కలిపాం. సరఫరాలో ఇంకాస్త పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ వేశాం. మోత ఆగిపోయింది!

మంద్రస్వరాలు పలచగా ఉన్నాయన్నా. దానికీ కారణం వాల్వు కాదట. హెడ్‌ఫోన్‌కి ముందున్న కెపాసిటర్ 100 మైక్రోఫారడ్లది. హెడ్‌ఫోనేమో 32 ఓమ్‌లది. ఆ జోడీలో 50 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికే శబ్దం బాగా సన్నగిల్లుతుంది. 470ది వేస్తే ఆ హద్దు 11 దాకా దిగుతుంది. వేశాం. మొత్తం ఖర్చు మూడొందలు దాటలేదు.

ఒక్క జాగ్రత్త. పూర్తిగా వాల్వులతోనే చేసిన వాటిలో 200 వోల్టులు దాటి ఉండొచ్చు. ప్లగ్గు పీకేశాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచే ఉంటుంది. పిల్లల్నే కాదు, తెలియని పెద్దల్నీ దాని మూత తీయనివ్వొద్దు.

ఆ సాయంత్రం నాన్న మళ్లీ విన్నారు. తుమ్మెద లేదు. పాత రికార్డు గరగర మాత్రం ఇంకా స్పష్టంగా వినిపిస్తోంది. ‘‘అదీ తీసేయమంటారా?’’ అనడిగా.

‘‘వద్దురా... అది ఆ రికార్డుదే. ఉండనీ’’ అంటూ కళ్లు మూసుకున్నారు.