వేసవిలో పసిపిల్లల చేతికి కాగితపు మడతలు



వేసవి వచ్చి బడులు మూసివేస్తే పెద్దపిల్లలకు సెలవులు. కాని ఉపాధి పనికో, ఇటుక బట్టీకో, మామిడి తోటకో వెళ్లే తల్లికి సెలవు లేదు. మూడేళ్ల, నాలుగేళ్ల బిడ్డను ఇంట్లో ఉన్న తొమ్మిదేళ్ల అక్కకు అప్పగించి తెల్లవారకముందే ఆమె బయలుదేరాలి. ఆ అక్క కూడా పసిదే. మధ్యాహ్నము పెద్దలు కాస్త నడుము వాల్చే వేళకు పిల్లలు చల్లదనము వెదుక్కుంటూ చెరువుకో, కాలువకో వెళ్తారు. ఆ తరువాత జరిగిన సంగతి మనము వేసవిలో వార్తాపత్రికలలో చదివి కన్నీరు పెడుతున్నాము.

ఈ భయము ప్రభుత్వమునకు కూడ తెలుసు. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టములో, పనిచోటికి ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు లేక అంతకంటె ఎక్కువమంది వస్తే, వారిని చూచుకొనుటకు కూలి స్త్రీలలో ఒకరిని నియమించాలని వ్రాశారు. పనిచోట ఒకరు చూచుకొనవలసిన పిల్లలను ఊరిలో ఎవరు చూచుకోవాలి? మందిరము తలుపులు తెరిచి, ఉదయము పది నుండి సాయంత్రము నాలుగు వరకు పసిపిల్లలను నీడలో కూర్చోబెట్టుట ఏ సంఘమైనను చేయగలిగిన పరిచర్యయే.

అయితే ఉపాధ్యాయులు మమ్మును అడిగే ప్రశ్న ఒకటున్నది. "పాటలు పాడించాము, కథ చెప్పాము. గంట గడిచింది. ఇంత చిన్నవారితో తక్కిన సమయమంతా ఏమి చేయించాలి?" అందుకు ఈ నెల మా జవాబు: చేతికి ఒక కాగితము ఇవ్వండి.

కాగితము మడిచి బొమ్మలు చేసే కళను జపానువారు ఓరిగామి అంటారు. ఓరి అనగా మడత, కామి అనగా కాగితము. పేరు కొత్తదైనా పని మనకు కొత్త కాదు. వానకాలములో వీధి నీళ్లలో పడవలు, కత్తి పడవలు వదలని బాల్యము మన పల్లెల్లో ఎవరికున్నది? దీనిని పసిపిల్లల చదువులో చేర్చినవారిలో ముఖ్యుడు జర్మనీ దేశస్థుడైన ఫ్రెడరిక్ ఫ్రోబెల్. 1782లో ఒక లూథరన్ పాదిరిగారి ఇంట పుట్టి, పసితనములోనే తల్లిని పోగొట్టుకున్నవాడు ఆయన. 1837లో ఆయన బ్లాంకెన్‌బర్గ్ అనే ఊరిలో చిన్నపిల్లల కొరకు ఒక స్థలము తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా పిల్లల తోట, అని పేరు పెట్టాడు. ఆ తోటలో పిల్లల చేతిపనులలో కాగితము మడుచుట ఒకటి. ఆ పని మన దేశమునకును వచ్చింది. దానిని చూచి కలిగిన ఆలోచనతో టి. సుందరరావు అనే ఆయన కాగితపు మడతలతో క్షేత్రగణితము నేర్పే ఆంగ్ల పుస్తకము వ్రాసి 1893లో మద్రాసులో ప్రచురించాడు. పిల్లల ఆట అనుకున్నది పెద్దలకు గణితమైనది!

ఇక సిద్ధపాటు. పాత క్యాలెండరు కాగితాలు, నోటుపుస్తకములో మిగిలిన తెల్లకాగితాలు, వార్తాపత్రికలు చాలు. పెండ్లి పత్రికల అట్ట పసివేళ్లకు లొంగదు. ప్రక్కకు ఎనిమిది అంగుళములు ఉండే నలుచదరపు ముక్కలైతే మంచిది, చిన్నవి చేతికి అందవు. పొడవు కాగితమును నలుచదరము చేయాలంటే, పై అంచును ప్రక్క అంచుమీదికి ఏటవాలుగా మడిచి, మిగిలిన పట్టీని పెద్దవారు కత్తిరించాలి. కత్తెర, పిన్నులు, స్టేప్లర్ పిల్లలకు అందనీయవద్దు. మడవటానికి పీటగాని, పలకగాని, గచ్చునేలగాని ఉండాలి. మడిచాక బొటనవ్రేలి గోటితో గీసినట్లు ఒత్తమనండి. మూడేళ్లు నిండనివారు కాగితమును నోట పెట్టుకుంటారు గనుక వారికి వేరే ఆట చూపండి.

ఒక వారములో అయిదు దినములకు అయిదు పనులు ఇక్కడ ఇస్తున్నాము.

మొదటి దినము గుడారము. కాగితమును ఒక్కసారి సగానికి మడిచి నిలబెడితే గుడారమే. మూడేళ్ల బిడ్డకు ఈ ఒక్క మడత చాలు. ఎండవేళ గుడారపు వాకిట కూర్చున్న అబ్రాహాము ముగ్గురు అతిథులకు నీళ్లు, భోజనము ఇచ్చిన కథ (ఆదికాండము 18వ అధ్యాయము) ఆ దినము చెప్పండి. పిల్లలందరి గుడారములు ఒకచోట పెడితే ఒక ఊరవుతుంది.

రెండవ దినము గొర్రెపిల్ల ముఖము. నలుచదరమును మూల నుండి మూలకు మడిస్తే త్రికోణము వస్తుంది. పొడవు అంచు పైన, మొన క్రింద ఉండాలి. పైనున్న రెండు మూలలను క్రిందికి వంచితే చెవులు. క్రింది మొనను కొంచెము పైకి మడిస్తే మూతి. కళ్లు పెన్సిలుతో పిల్లలే పెడతారు. మొత్తము నాలుగు మడతలు.

మూడవ దినము విసనకర్ర. పొడవు కాగితమును వ్రేలు వెడల్పున ఒకసారి ఇటు, ఒకసారి అటు మడవాలి. చిన్నపిల్లలు ఇటు అటు మరచిపోతారు. దానికి ఉపాయమున్నది. బిడ్డ ఒక మడత పెట్టగానే మీరు కాగితమును తిరగవేయండి, తరువాతి మడత మరల బిడ్డే పెడుతుంది. చివరకు అడుగున దారముతో కట్టి పైభాగము విప్పితే సరి. సాయంత్రము పనినుండి వచ్చిన అమ్మకు విసరమని చెప్పి పంపండి.

నాలుగవ దినము గ్లాసు. త్రికోణముగా మడిచి, ఈసారి పొడవు అంచు క్రింద, మొన పైన ఉంచాలి. కుడిమూలను ఎదుటి అంచుమీదికి, సగముకంటె కొంచెము పైకి తేవాలి. అలా వచ్చిన మడత పైఅంచు, క్రింది అంచుకు సమానముగా సాగాలి. ఎడమమూలను కూడ అట్లే ఇటు తేవాలి. పైన మిగిలిన రెండు రేకులలో ఒకటి ముందుకు, ఒకటి వెనుకకు వంచి, నోరు తెరిస్తే గ్లాసు. దీనికి ఏమియు అచ్చువేయని శుభ్రమైన తెల్లకాగితమే వాడాలి. వార్తాపత్రికలోని సిరా ఆహారమునకు అంటితే హానికరము. ఆహారము వార్తాపత్రికలో పెట్టకూడదని 2018లో ప్రభుత్వ నిబంధన కూడ వచ్చింది. ఈ గ్లాసులో మంచినీళ్లు పోసి వెంటనే త్రాగవచ్చు, మరమరాలు పోసి ఇవ్వవచ్చు. చిన్నవారికి గిన్నెడు చన్నీళ్లిచ్చువారిని గూర్చి ప్రభువు చెప్పిన మాట (మత్తయి 10వ అధ్యాయము) పిల్లలకు చెప్పి, మొదటి గ్లాసు ప్రక్కనున్నవారికి ఇవ్వమనండి.

అయిదవ దినము టోపీ, పడవ. వార్తాపత్రికను సగానికి మడిచి, మడత పైకి ఉంచి, పై రెండు మూలలను మధ్యకు తేవాలి. క్రింద మిగిలిన అంచులను ముందొకటి, వెనుకొకటి పైకి మడిస్తే టోపీ. అయిదేళ్లవారు ఇక్కడితో ఆగవచ్చు. పెద్దవారు ఆ టోపీ నోరు తెరిచి నలుచదరముగా అణచి, క్రింది మొనను ముందు ఒకసారి, వెనుక ఒకసారి పైకి మడవాలి. మరల నోరు తెరిచి నలుచదరము చేసి, పై మొనలు రెండింటిని అటు ఇటు లాగితే పడవ. గలిలయ సముద్రములో పడవమీద యేసు నిద్రించిన కథకు ఇది సరిపోతుంది.

ఇక్కడ మేము గట్టిగా చెప్పవలసిన మాట ఒకటున్నది. పసివాని చేతికి పడవ ఇచ్చి ఇంటికి పంపితే వాడు తప్పక నీళ్లు వెదుక్కుంటూ వెళ్తాడు. పిల్లలను నీళ్ల నుండి తప్పించుటకు మొదలుపెట్టిన పని చివరి దినమున వారిని కాలువకు నడిపించకూడదు. గనుక ఆ దినము మందిరపు ఆవరణములోనే వెడల్పాటి పళ్లెములో కొంచెము నీళ్లు పోసి, పెద్దవారు ఒకరు ప్రక్కనే కూర్చొని, అందరి పడవలు అక్కడే వదిలించండి. అయిపోగానే నీళ్లు చెట్టుకు పోయండి. బొక్కెనలో జానెడు నీళ్లున్నా పసిబిడ్డకు ప్రాణాపాయమే. తడిసిన పడవలు ఇంటికి పంపవద్దు, టోపీలు పంపండి.

మరొక మాట. మడత వంకరగా వచ్చినప్పుడు మన చేయి ఊరుకోదు. "ఇలా కాదు, ఇటు తే" అని లాక్కొని చక్కగా మడిచి ఇస్తాము. రెండుసార్లు అలా జరిగితే మూడవసారి ఆ బిడ్డ మడవదు. కాగితము మన చేతికిచ్చి "నువ్వే చెయ్యి" అంటుంది. బొమ్మ అందముగా వచ్చింది గాని బిడ్డ చేతులు ముడుచుకున్నది. మీ కాగితము మీరు పట్టుకొని మెల్లగా మడిచి చూపండి, బిడ్డ కాగితము బిడ్డ చేతిలోనే ఉండనీయండి. ఒక చెవి పొడవు, ఒక చెవి పొట్టి అయిన గొర్రెపిల్ల కూడ మందలోనిదే. ఎవరిది బాగున్నదని పోటీలు పెట్టి బహుమతులు ఇవ్వవద్దు. అందరివి దారానికి గ్రుచ్చి గోడకు కట్టండి.

చివరగా, తమ్ముని చంకన వేసుకొని వచ్చి గుమ్మము దగ్గర నిలిచే ఆ తొమ్మిదేళ్ల అక్కను మరువకండి. నైలునది ఒడ్డున జమ్ముపెట్టెలోని తమ్ముని కనిపెట్టి దూరముగా నిలిచిన అక్క కథ నిర్గమకాండము 2వ అధ్యాయములో ఉన్నది. మన ఊళ్లలో అట్టి అక్కలు ఎందరో ఉన్నారు. ఆమెను సహాయకురాలిగా నిలబెట్టి మరల పని చెప్పవద్దు. తమ్ముని మీరు ఎత్తుకొని, ఆమెను చాపమీద కూర్చోబెట్టి, ఆమె చేతికి కూడ ఒక కాగితము ఇవ్వండి. ఈ వేసవిలో ఆమె కొంతసేపైనా పిల్లగా ఉండాలి.

ప్రభువు మీ బిడ్డలను ఎండ దెబ్బ తగలకుండ, నీటి అపాయము కలుగకుండ కాపాడును గాక. ఆమేన్.