తాబేలును చూడడానికి పడవెక్కాలా?

లక్షద్వీప్‌లో ఒక్కపూట పడవ షికారు వెళ్ళి, కళ్ళకు అద్దాలు, నోటికి గొట్టం తగిలించుకుని నీళ్ళలో దిగితే సముద్రపు తాబేళ్ళ సరసన ఈదవచ్చు. అక్కడి నీరు తేట. కాకినాడ దగ్గర ఆ ముచ్చట తీరదు. గోదావరి తెచ్చే ఒండ్రుతో ఇక్కడి సముద్రం బురద రంగు.

అయినా ఇక్కడ తాబేలును చూడడానికి పడవ అక్కరలేదు. జనవరి వచ్చిందంటే ఉప్పాడ ఇసుక మీదే కనిపిస్తుంది, ప్రాణం లేకుండా.

గుడ్లు పెట్టడానికి తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ట్రాలర్ల రొయ్యల వలల్లో చిక్కుతాయి. నీటి జీవే అయినా తాబేలు ఊపిరికి పైకి రాక తప్పదు. గంటల తరబడి లాగే వలలో ఆ వీలేదీ? వలలో ఇనుప చట్రం, దానికో ద్వారం అమరిస్తే తాబేలు బయటపడుతుంది, రొయ్య సంచిలోకి పోతుంది. వేట తగ్గుతుందని పడవల యజమానుల భయం. కొంత చేప జారిపోవడం నిజమే. కాని ఈ చట్రాలు లేవనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతి ఆపేసింది. ఆ నష్టం ఎవరు లెక్కకట్టారు? చెరువు రొయ్యకు ఆ అడ్డు లేదు గనుక గొడవ పెద్దగా వినబడలేదంతే.

వన్యప్రాణి రక్షణ చట్టంలో ఈ తాబేలుకు పులితో సమాన స్థానముంది. చచ్చినవాటిని పాతిపెట్టడంతో అధికారుల పని తీరదు. చట్రం లేని ట్రాలరును రేవు దాటనివ్వకూడదు. దాని ఖర్చు కలాసీల వాటాలోంచి కోయకుండా ప్రభుత్వమే భరించాలి.