కనిపించని గాయం

సూర్యాపేట పట్టణంలో కర్నల్ సంతోష్‌బాబు విగ్రహం నెలకొని ఉంది. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో దేశరక్షణకై ప్రాణాలర్పించిన ఆ వీరుణ్ణి భారత ప్రభుత్వం మహావీరచక్ర పురస్కారంతో గౌరవించింది. ఉమ్మడి నల్లగొండ జిల్లా కన్న ఆ బిడ్డను చూసి ఈ ప్రాంతం గర్విస్తుంది. శత్రువు ఎదుట నేలకొరిగిన వీరుని త్యాగం లోకానికి కనిపిస్తుంది. కాని యుద్ధరంగంలో విషవాయువును పీల్చి, ప్రాణాలతో ఇల్లు చేరి, ఏండ్లు గడచిన తరువాత మంచం పట్టిన సైనికుని త్యాగం ఎవరికి కనిపిస్తుంది? అతని దేహంపై తూటా గుర్తు ఉండదు. అందువల్లనే అతనికి దక్కవలసిన గౌరవం కూడా తరచుగా దక్కకుండా పోతుంది.

ఈ అన్యాయానికి శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర వద్ద జర్మనీ సైన్యం క్లోరిన్ వాయువును వదిలింది. నాలుగు రోజుల తరువాత అదే రణరంగంలో లాహోర్ డివిజన్‌కు చెందిన భారతీయ సైనికులు విషవాయువుకు ఎదురు నిలిచారు. తాను గాయపడి కూడా ఎనిమిదిమంది అధికారులను సురక్షిత స్థలానికి చేర్చిన జమేదార్ మీర్ దస్త్‌కు విక్టోరియా క్రాస్ లభించింది. ఆ పతకాన్ని అందుకొన్న నాటికీ ఆయన విషవాయువు కలిగించిన బాధ నుండి కోలుకోలేదు.

శత్రువు చేసిన హాని ఒక ఎత్తు, సొంత పాలకులు చేసిన హాని మరొక ఎత్తు. 1930వ దశకం నుండి బ్రిటిష్ శాస్త్రజ్ఞులు రావల్పిండిలో వందలాది భారతీయ సైనికులపై మస్టర్డ్ వాయువును ప్రయోగించి పరీక్షించారు. పలువురి చర్మం తీవ్రంగా కాలిపోయింది. పాత దస్తావేజుల ఆధారంగా ఈ వార్త 2007లో వెలుగు చూసే నాటికి ఆ సైనికులకు న్యాయం చేసే కాలమే దాటిపోయింది.

వియత్నాం యుద్ధం ఇంకొక పాఠం చెబుతుంది. 1962 నుండి 1971 వరకు అమెరికా సైన్యం అక్కడి అడవులపై, పంటలపై సుమారు 7.5 కోట్ల లీటర్ల రసాయనాలను చల్లింది. వాటిలో ప్రధానమైన ఏజెంట్ ఆరెంజ్‌లో డయాక్సిన్ అనే ఘోర విషం కలిసి ఉంది. తిరిగివచ్చిన సైనికులు క్యాన్సర్ మొదలైన వ్యాధుల పాలైనప్పుడు, అవి యుద్ధసేవ వల్లనే వచ్చాయని నిరూపించే భారం వారిపైనే పడింది. ఎన్నో ఏండ్ల పోరాటం తరువాత 1991లో అమెరికా ఒక చట్టం చేసింది. వియత్నాంలో పనిచేసిన సైనికునికి నిర్ణీత వ్యాధులలో ఏది వచ్చినా, అది సేవాకాలంలోనే సంక్రమించినట్లు భావించాలన్నది దాని సారాంశం. 2022లో మరొక చట్టం ఈ సదుపాయాన్ని ఇతర యుద్ధాలలో విషపు పొగను పీల్చినవారికీ విస్తరింపజేసింది. అయితే వియత్నాం బాధితులు వేసిన దావాను 2005లో అమెరికా న్యాయస్థానం కొట్టివేసింది. విషానికి స్వపర భేదం లేదు. న్యాయానికి మాత్రం ఆ భేదం మిగిలింది.

కంటికి కనిపించని విషం మనిషిని ఎట్లా కుంగదీస్తుందో నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలకు వేరే చెప్పనవసరం లేదు. నల్లరాతి పొరలలోని ఫ్లోరైడ్ బావినీటిలో కలిసి తరతరాల ఎముకలను వంచింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ సంగతి తెలియని తల్లి అదే నీటిని బిడ్డకు తాగించింది. ఈ బాధను దేశం దృష్టికి తేవడానికి 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీపడవలసి వచ్చింది. సైనికుడు దేశసేవలో విషం బారిన పడ్డాడు, రైతు దాహం తీర్చుకొంటూ విషం బారిన పడ్డాడు. ఇద్దరి స్థితిగతులు వేరైనా ఇద్దరూ ఎదుర్కొన్న ప్రశ్న ఒక్కటే: “నీ బాధకు రుజువేది?”

రుజువు లేనిదే సహాయం చేస్తే ఖజానాపై భారం పడదా అని కొందరు సందేహించవచ్చు. ఈ సందేహం నిరాధారమైనది కాదు. కాని సైనికుడు ఏ ప్రాంతంలో పనిచేశాడో, అక్కడ ఏ రసాయనం వాడబడిందో తెలిపే పత్రాలు ప్రభుత్వం వద్ద ఉంటాయే గాని సైనికుని పెట్టెలో ఉండవు. పత్రాలు ఎవరి చేతిలో ఉన్నాయో రుజువు బాధ్యత వారిదే కావడం ధర్మం. సేవలో చేరేనాడు ఆరోగ్యంగా ఉన్న సైనికుడు అనారోగ్యంతో తొలగింపబడితే, ఆ వ్యాధికి సేవే కారణమని నిరూపించే భారం అతనిపై ఉండదని 2013లో భారత సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. ఈ తీర్పులోని న్యాయసూత్రం ప్రతి దేశానికీ ఆదర్శప్రాయం.

కాబట్టి విషబాధిత సైనికుని గౌరవించడమంటే పూలమాల వేయడం మాత్రమే కాదు. జరిగిన హానిని దాచకుండా అంగీకరించడం మొదటి గౌరవం. అడిగించుకోకుండా వైద్యం, పింఛను అందించడం రెండవ గౌరవం. అటువంటి ఆయుధం మళ్లీ ఎవరిపైనా ప్రయోగింపబడకుండా చూడడం అన్నింటికన్న మిన్న అయిన గౌరవం. 1997లో అమలులోకి వచ్చిన రసాయనాయుధ నిషేధ ఒప్పందాన్ని అనుసరించి భారతదేశం తన నిల్వలను 2009 నాటికి పూర్తిగా నాశనం చేసింది.

రసాయన యుద్ధబాధితుల స్మరణదినం నవంబరు 30. సాయుధదళాల పతాకదినం డిసెంబరు 7. ఈ రెండు దినాల మధ్య దూరం ఒక వారమే. ఆ వారంలో విద్యార్థులు తమ ఊరి మాజీ సైనికుని ఇంటికి వెళ్లి, జెండా గుర్తును రొమ్మున ధరించడంతో సరిపెట్టక, అతని మాటను ఓపికగా ఆలకించాలి. కనిపించని గాయాన్ని లోకం గుర్తించడం అక్కడి నుండే మొదలవుతుంది.